గడ్డం రాలేదని బెంగ

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కి వెళ్తున్నా. గడ్డం నాలుగు వెంట్రుకలు తప్ప రావట్లేదు, మా నాన్నకీ అంతే. రూమ్‌మేట్లు 'నీదింకా పదో క్లాసే' అని ఏడిపిస్తున్నారు. రోజూ గీస్తే ఒత్తుగా వస్తుందని ఒకడు, ఏదో నూనె రాయమని ఇంకొకడు. ఏం చేయాలి?

జవాబు: ముందు నూనె మానేయండి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత హాస్టల్ మెస్ తిండి తినేవాళ్ల కోసమే పుట్టినట్టుంది.

నాన్నగారి సంగతి రాశారు కదా, సగం జవాబు అదే. ఒంట్లో మగ హార్మోన్ ఎంతుందన్నదానికంటే, దవడ మీది కుదుళ్లు దానికి ఎంత స్పందిస్తాయన్నదే ముఖ్యం, అది వంశంలో వచ్చేది. గీస్తే ఒత్తవుతుందన్నది ఉత్తమాట. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మగవాళ్ల చేత గీయించి, వెంట్రుకలు కొలిచి 1928లోనే తేల్చేసింది. తెగిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. ఇంకో తమాషా, దవడ మీద గడ్డం పెంచే డీహెచ్‌టీ అనే హార్మోనే బట్టతల వంశంలో ఉన్నవాళ్లకి నెత్తి మీద జుట్టు పలచన చేస్తుంది. బోడిగుండుకీ మోకాలికీ ముడి లేకపోయినా గడ్డానికి మాత్రం ఉంది. మిమ్మల్ని ఏడిపించేవాళ్ల నాన్నల తలలు ఓసారి చూడండి!

అసలు గడ్డం ఎందుకొచ్చింది? చింపాంజీకి ఉన్నన్ని కుదుళ్లు మనకీ ఉన్నాయి, కాకపోతే చెమట ఆరి ఒళ్లు చల్లబడటానికి మన వెంట్రుకలు నూగులా సన్నబడ్డాయని చాలామంది శాస్త్రవేత్తల మాట. గడ్డం మాత్రం చలి కోసమే అయితే ఆడవాళ్లకీ ఉండాలిగా? ఆడవాళ్లు మెచ్చడం వల్లే నిలిచిందని 1871లో డార్విన్ రాశాడు. నాకది సగమే నిజమనిపిస్తుంది. గడ్డమున్నవాడు వయసులో పెద్దగా, దూకుడుగా కనిపిస్తాడని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి, అందం దగ్గరికొచ్చేసరికే తలో మాట. మనవాళ్లు మీసం మెలేసేది ఎవరిని చూసి? ఎదుటి మగాణ్ణి చూసేగా! పైగా 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూసిందేమిటంటే, చుట్టూ అన్నీ గడ్డాలే ఉంటే నున్నటి ముఖమే ఎక్కువ నచ్చుతుందట. మీ హాస్టల్లో ఆ లెక్కన లాభం మీకే.

మీ అమీర్‌పేటలోనే చూడండి, గురుద్వారాకి వెళ్లే సర్దార్జీ కేశాలు కత్తిరించడు, అయ్యప్ప మాల వేసుకున్నాయన 41 రోజులు గీసుకోడు, భార్య కడుపుతో ఉందని గడ్డం పెంచేవాడూ ఉంటాడు, తిరుపతిలో తలనీలాలిచ్చి నున్నటి గుండుతో వచ్చినాయన అదే భక్తితో తిరుగుతుంటాడు. వీళ్లలో ఒక్కడూ మగతనం కొలుచుకోవట్లేదు.

ప్రశ్న: నేను అమ్మాయిని. నా గడ్డం కింద మూడు ముతక వెంట్రుకలొచ్చాయి. పెళ్లిచూపులున్నాయని అమ్మకి టెన్షన్.

జవాబు: చాలామందికి వస్తాయి. పీకేసుకుంటారో, థ్రెడింగ్ చేయించుకుంటారో, వదిలేస్తారో మీ ఇష్టం. ఉన్నట్టుండి ఎక్కువై, నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, గైనకాలజిస్టుని కలవండి. అమ్మగారికి ఒక మాట చెప్పండి, ఆడవాళ్ల కోసమంటూ జిల్లెట్ ప్రత్యేకంగా రేజర్ తెచ్చింది 1915లో, చేతుల్లేని గౌన్లు ఫ్యాషనయ్యాక. చంకలో వెంట్రుకలు సిగ్గుపడాల్సిన సంగతని ప్రకటనల్లో ఊదరగొట్టిందీ అప్పుడే.