అబ్బోడా, ఆ పెద్ద మానిటర్ బిగించేముందు ఇది చదువు

అబ్బోడా, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, వాడు నాలుగడుగుల టీవీ ఒకటి తెప్పించినాడు, ఆదివారం గోడకి కొడతాడంట, నువ్వొక మాట చెప్పు అని. నువ్వు పెట్టిన ఫోటో చూస్తే అది టీవీ కాదు, 49 అంగుళాల కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్, అదీ 1000ఆర్ వంపుది, అంటే ఒక మీటర్ వ్యాసార్ధం ఉండే గుండ్రంలో ముక్క మాదిరి వంగింటాది. శానా సంతోషం నాయనా, నీ సంపాదనతో కొనుక్కున్నావు. కానీ నేను చెప్పేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు.

తిరుపతి లాడ్జిల్లో టీవీలు బిగించుకుంటా 25 ఏళ్లు గడిచిపోయినాయి నాకు, ఈమధ్య పిల్లకాయల మానిటర్లు కూడా బిగిస్తా ఉండా. టీవీకి దీనికి తేడా ఏందంటే టీవీ చదునుగా ఉంటాది, బరువంతా గోడని ఆనుకునే ఉంటాది. వంపు ఉండే దాంట్లో రెండు చివర్లూ ముందుకి వచ్చేస్తాయి, నీ దాంట్లో అయితే ఇంచుమించు 18 సెంటీమీటర్లు, అంటే జానెడు. బరువు కూడా దాంతోపాటే ముందుకి వస్తాది, ఎప్పుడు చూసినా తల దించాలనే చూస్తా ఉంటాది. అందుకే ఆర్మ్, అంటే మానిటర్‌ని టేబుల్‌కో గోడకో పట్టి మోసే ఇనుప చెయ్యి, అంగుళాలు చూసి కొనకూడదు, కిలోలు చూసి కొనాల. ఇట్లాంటిదే శాంసంగ్‌ది 2020లో వచ్చిన మొదటి ఒడిస్సీ జీ9 స్టాండ్ తీసేసినా 14 కిలోల పైనే ఉంటాది. మామూలుగా దొరికే ఆర్మ్‌లు ఎనిమిది తొమ్మిది కిలోలకే చేసింటారు. నీ డబ్బా మీద స్టాండ్ లేకుండా బరువెంతో రాసింటారు, అది చూసి దానికంటే బాగా ఎక్కువ మోసేది తీసుకో, 1000ఆర్ వంపుకి పనికొస్తాదా అని కూడా అడుగు, ఎందుకంటే కొన్ని బరువు మోస్తాయి గానీ మెడ దగ్గర టిల్ట్, అంటే తెర కిందికీ పైకీ వంచే కీలు, నిలబడదు, పొద్దున బిగిస్తే సాయంత్రానికి కిందికి చూస్తా ఉంటాది.

ఇంకో మాట, ఇది నా చేతుల మీదే జరిగింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక పిల్లోడి ఇంట్లో మంచి ఆర్మ్, మంచి మానిటర్, టేబుల్ అంచుని పట్టుకునే క్లాంప్ గట్టిగా బిగించి వచ్చేసినా. టేబుల్ మాత్రం చూడలా. పైన టేకు మాదిరి కాగితం, లోపలంతా రంపంపొట్టు అతికించిన పలక. మూడోరోజు రాత్రి క్లాంప్ కింద పలక నలిగిపోయి ఆర్మ్ ముందుకి ఒరిగి మానిటర్ కీబోర్డ్ మీద పడింది, ప్యానెల్ ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా గీత. వాడు ఏడ్వలా, ఊరికే చూస్తా నిలబడినాడు, ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందరే ఉండాది. సగం డబ్బులు నేనే ఇచ్చినా గానీ ఆ బాధ పోలా. అప్పట్నించి ముందు టేబుల్ కింద చెయ్యి పెట్టి చూస్తా. నీది ప్లైవుడ్ అయితే 18 ఎంఎం కన్నా తగ్గకుండా ఉండాల, క్లాంప్‌కి కిందా పైనా ఇనుప ప్లేట్ వేసి బిగించు, వెల్డింగ్ షాపులో చెప్తే కోసిస్తారు. పొట్టు పలక అయితే వద్దే వద్దు, కంపెనీ స్టాండ్ మీదనే పెట్టుకో, అదేం నామోషీ కాదు.

గోడకే కొట్టాలంటే ముందు వేలితో తట్టి చూడు. మీ ఇంట్లో పాత గది గోడ 9 అంగుళాల ఎర్ర ఇటుకది, దానికి భయం లేదు, పూత దాటి ఇటుకలోకి పోయేంత పొడుగు ప్లగ్ వేస్తే చాలు. మీ నాయన తర్వాత కట్టించిన ముందరి గది హాలో బ్లాక్, ఆడ మామూలు ప్లగ్ లోపలే తిరిగిపోతాది, ఆ గోడకి మాత్రం కొట్టొద్దు. స్విచ్ బోర్డుకి నేరుగా పైన కూడా డ్రిల్ పెట్టొద్దు, వైరు పైపు ఆ దారినే పోయింటాది.

ఇప్పుడు అసలు పని. అందరూ తప్పు చేసేది ఈడే. మానిటర్ డబ్బాలోంచి తీసి మంచం మీద బోర్లా పెడతారు. చదునుది అయితే సరే, వంపుది బోర్లా పెడితే రెండు చివర్లే ఆనుకుంటాయి, నడుమ గాల్లో ఉంటాది, అప్పుడు వెనక స్క్రూలు తిప్పేదానికి నువ్వు అదిమే బలమంతా ప్యానెల్ మీద పడతాది. అందుకని దాన్ని థర్మాకోల్ అచ్చులోంచి తియ్యొద్దు, ఆ అచ్చు ఆ వంపుకే చేసింటారు. అందులో ఉండంగానే వెనక ఆర్మ్‌తో వచ్చిన ప్లేట్ బిగించు. నాలుగు స్క్రూలూ ముందు చేత్తో సగం సగం తిప్పి, ఆమీద ఎదురెదురు మూలలు వరసగా బిగించు. స్క్రూ లోపలికి పోకుండా మొరాయిస్తే బలవంతం చెయ్యొద్దు, వెనక్కి తీసి మళ్లీ పెట్టు.

దానికంటే ముందు ఒక్కసారి స్టాండ్ మీద నిలబెట్టి కరెంట్ ఇచ్చి తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం తెరలు పెట్టి చచ్చిన చుక్కలు, అంటే వెలగని పిక్సెళ్లు, ఏమన్నా ఉండాయేమో చూడు, చూసినాక స్టాండ్ తీసి మళ్లీ ఆ అచ్చులోనే పెట్టు, డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసిపెట్టుకో.

గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్, అంటే లోపల గ్యాస్ ఒత్తిడితో పైకి తోసేది, బరువు లేనప్పుడు పైకి ఎగురుతాది నాయనా, మొహం దానిపైన పెట్టొద్దు. ఎత్తేటప్పుడు ఇద్దరుండాల, చేతులు కింద అంచుకీ వెనక భాగానికీ వెయ్యాల, తెర మీద బొటనవేలు కూడా పడకూడదు. తగిలించినాక వెంటనే వదిలెయ్యొద్దు, ఒకరు పట్టుకోనుంటే ఇంకొకరు అలెన్ కీతో టెన్షన్, అంటే స్ప్రింగ్ బిగువు, సరిచెయ్యాల, కొంచెం తిప్పి, చెయ్యి నెమ్మదిగా వదిలి చూసి, మళ్లీ తిప్పి, అట్లా ఏ ఎత్తులో పెట్టినా ఆడే నిలబడేదాకా.

1000ఆర్ అంటే ఒక మీటర్ దూరంలో కూర్చుంటే తెరలో ప్రతి చోటూ కంటికి సమాన దూరం. మీటర్ లేకపోయినా 80 సెంటీమీటర్లన్నా ఉండేట్టు చూడు, తెర పై అంచు కంటికి సమానంగానో కొంచెం కిందనో ఉండాల. కేబుల్ దాంతో వచ్చిన డిస్‌ప్లే పోర్ట్‌దే వాడు, ఆర్మ్ అటూ ఇటూ జరిగినా లాగకుండా కొంచెం వదులుగా వదిలిపెట్టు. విండోస్‌లో రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు మారేది, 60 దగ్గరే ఉండిపోయింటాది, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి పోయి నువ్వే పెంచుకోవాల. 5120 ఇంటు 1440 అంటే 73 లక్షల పిక్సెళ్ల పైన, 4కె కంటే కొంచెమే తక్కువ, నీ పాత గ్రాఫిక్స్ కార్డుకి బరువే, కొన్నాళ్లు సెట్టింగులు తగ్గించి ఆడుకో.

ఆర్మ్ ఇనుముకి చెయ్యి తగిలితే జిల్లుమంటే ఎర్తింగ్ సరిగ్గా లేదేమో, అట్టుంటే వెంటనే ప్లగ్ పీకెయ్, ఎండాకాలంలో మనవైపు నేల ఎండిపోయి ఎర్తింగ్ సరిగ్గా పనిచెయ్యదు, ఎర్తింగ్ గుంతలో నీళ్లు పొయ్యమని మీ నాయనకి చెప్పు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వస్తా, డ్రిల్ మిషను, అలెన్ కీలు నేనే తెస్తా. ఇనుప ప్లేట్లు మాత్రం శనివారంలోగా కోయించి పెట్టు, థర్మాకోల్, డబ్బా పారెయ్యనీవద్దని మీ అమ్మకి చెప్పు.

మీ చిన్నాయన