ముందు గేరు చూడు బుజ్జీ

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చి షెడ్డులో ఉన్న నాన్న ట్రాక్టర్ స్టార్ట్ చేస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే మీసం మెలేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నాలుగేళ్ళుగా కదలని బండి అది. మెకానిక్‌ని పిలవమంటే నువ్వు వినవు, మీ నాన్న మొండితనమే నీకూ వచ్చింది. అందుకే రాస్తున్నా.

బ్యాటరీ కొత్తది వేయించు. టెర్మినళ్ళతో పాటు ఎర్త్ తీగ బాడీకి బిగించే చోటు కూడా ఉప్పుకాగితంతో రుద్దు, అది అందరూ మర్చిపోతారు. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడు. ఆయిలు, నీళ్ళు సరేసరి. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళతో సహా పాత డీజిలంతా దింపేసి, ఫిల్టర్ మార్చు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగగొట్టం మీద కన్నేసి ఉంచు. తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది గానీ మండడం లేదు. పొగే లేకపోతే డీజిలే అందడం లేదు. ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ రాడ్ అలాగే లాగి ఉండిపోయిందేమో ముందు చూడు. ఓసారి అది చూసుకోక నేను పొద్దంతా పంపు విప్పుతూ కూర్చున్నా. అదీ కాకపోతే డీజిల్ పైపుల్లో గాలి పట్టినట్టే. ఫిల్టర్ మీది చిన్న స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు మీట కొట్టు. బుడగలు పోయి డీజిల్ నికరంగా కారితే బిగించెయ్. తర్వాత పెద్ద పంపు దగ్గర, చివర్న నాజిల్ పైపుల దగ్గర. ఆ పైపులకు చెయ్యి అడ్డం పెట్టకు. వాటిలో ఒత్తిడి ముందు టైరులో గాలికి దగ్గర దగ్గర వంద రెట్లుంటుంది, డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

కీ తిప్పితే టిక్కుమని ఊరుకుందనుకో. అప్పుడు ఎవడో ఒకడు పానా అడ్డం పెట్టమంటాడు. వాడి మాట వినకు.

నీకప్పుడు మూడేళ్ళు. దమ్ము రోజులు, ఇంకా తెల్లవారలేదు. బండి సరిగ్గా అలాగే టిక్కుమంది. నాకు పాతికేళ్ళు, అన్నీ వచ్చనుకునే వయసు. కింద నిలబడి, పెద్ద చక్రం ముందు, సెల్ఫ్ మోటార్ కరెంటు బోల్టులు రెండూ కలిసేలా పానా ఆనించా. నిప్పురవ్వలు లేచాయి, ఇంజిన్ అందుకుంది, బండి కదిలింది. రాత్రి ఎవరో గేరులో వదిలి దిగారు. ఎవరో ఏమిటిలే, నేనే. సీటు మీదుంటే కాలి కింద క్లచ్ ఉంటుంది, కింద నిలబడ్డవాడికి ఏముంటుంది? ఇలాంటి పాత డీజిల్ ఇంజిన్ ఒకసారి అందుకున్నాక దానికి కరెంటుతో పని లేదు. కీ తీసేసినా ఆగదు. చక్రం నా లుంగీ అంచు తొక్కింది. మీ నాన్న వెనక నుంచి కాలరు పట్టి గుంజాడు, ఇద్దరం బురదలో పడ్డాం. బండి పోయి గడ్డివాముకు గుద్దుకుని అక్కడే చక్రాలు తిప్పుతూ ఉంటే, ఆయనే ఎక్కి స్టాప్ రాడ్ లాగాడు.

ఒక్క మాట తిట్టలేదు. టీ తాగుదాం పద అన్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. "మీ అక్కకి చెప్పకురా" అన్నాడు. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు.

కాబట్టి సీటు మీద కూర్చునే స్టార్ట్ చెయ్యి. గేరు న్యూట్రల్, కాలు క్లచ్ మీద, చక్రానికి ముందూ వెనకా రాళ్ళు. చున్నీ తీసి మేకుకి తగిలించు. షెడ్డు తలుపులు బార్లా తెరువు. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకు, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టు. ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టమనేవాళ్ళని షెడ్డులోకే రానివ్వకు.

అన్నం తిని మొదలుపెట్టు తల్లీ, ఆకలితో ఉంటే నీకు కోపం ఎక్కువ.

ఇంజిన్ అందుకోగానే ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపించు. మూడో సిలిండర్ కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, కంగారు పడకు. అది మొదట్నుంచీ అంతే.

మీ మామయ్య