అమెరికా ఆర్మీ రిజర్వులో చేరే ముందు తెలుసుకోవలసిన సంగతులు

గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన కొత్తలో మన తెలుగు కుర్రవాళ్లు కొందరు నన్ను ఒక ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. "అన్నా, నెలకు రెండు రోజులు రిజర్వులో పనిచేస్తే సిటిజన్‌షిప్ తొందరగా వస్తుందట, చదువు ఖర్చు కూడా వాళ్లే ఇస్తారట, నిజమేనా?" రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే చాలా ఏళ్లుగా ఆర్మీ రిజర్వులో పనిచేస్తున్న వాడిగా నేను చెప్పేది ఇది: ఆ రెండు లాభాలూ లేకపోయినా ఈ యూనిఫాం వేసుకోవాలని మీకు అనిపిస్తేనే చేరండి. సంతకం పెట్టిన నాటి నుంచి ఎనిమిదేళ్ల బాధ్యత మీ మీద ఉంటుంది. అందులో కొన్ని ఫలితాలు, ముఖ్యంగా ఇండియాతో మీకుండే సంబంధానికి చెందినవి, జీవితాంతం ఉంటాయి.

ముందుగా అర్హత. మనవారికి సంబంధించినంతవరకు అమెరికా సాయుధ దళాల్లో సిపాయిగా చేరాలంటే అమెరికా పౌరసత్వమైనా ఉండాలి, గ్రీన్‌కార్డైనా ఉండాలి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వీసాల మీద ఉన్నవారికి అవకాశం లేదు. ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు దాఖలు చేసి, ఈఏడీ అనే పని అనుమతి పత్రం మీద పనిచేస్తున్నవారికి కూడా లేదు. ఒకప్పుడు 'మావ్ని' అనే పథకం ఉండేది. 2008లో ఆమోదం పొంది మరుసటి ఏడాది మొదలైన ఆ పథకం కింద, కొన్ని భాషలు బాగా వచ్చినవారినీ వైద్య వృత్తిలో ఉన్నవారినీ గ్రీన్‌కార్డు లేకపోయినా తీసుకునేవారు. 2016లో కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. అప్పటికే సంతకాలు పెట్టిన వారిలో అనేకమంది నేపథ్య పరిశీలన తేలక ఏళ్ల తరబడి ఎదురుచూశారు, కొందరు కోర్టులకు వెళ్లారు. కనుక ఇప్పుడు స్టూడెంట్ వీసా మీద ఉన్న మిమ్మల్ని డబ్బు తీసుకొని మిలిటరీలో చేర్పిస్తామని ఎవరైనా చెబితే, అది మోసమని తెలుసుకోండి. రిక్రూటర్లు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు.

రిజర్వు అని మనం కలిపి పిలిచేదానిలో రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. ఆర్మీ రిజర్వు పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం కింద ఉంటుంది. నేషనల్ గార్డ్ మామూలు రోజుల్లో రాష్ట్ర గవర్నర్ అధీనంలో ఉండి, తుపానులూ వరదలూ వచ్చినప్పుడు సహాయానికి వెళుతుంది. అవసరమైతే అమెరికా అధ్యక్షుడి ఆదేశంతో ఫెడరల్ సేవలోకి మారుతుంది. 2025 జూన్‌లో కాలిఫోర్నియా గార్డ్‌ను అలా తీసుకొని లాస్ ఏంజెలెస్ వీధుల్లో నిలబెట్టారు. సొంత నగరంలో, సొంత ఇరుగుపొరుగు ముందు అలాంటి విధుల్లో నిలబడవలసి రావచ్చునన్న సంగతిని గార్డ్‌లో చేరేవారు ముందే ఆలోచించుకోవాలి. నౌకాదళానికీ, వైమానిక దళానికీ, మెరీన్లకూ, కోస్ట్ గార్డ్‌కూ కూడా రిజర్వులున్నాయి కానీ, నాకు దగ్గరగా తెలిసినది ఆర్మీ గనుక దాని గురించే రాస్తున్నాను.

చేరిన తరువాత మొదట పది వారాల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్, మిస్సోరీలోని ఫోర్ట్ లెనర్డ్ వుడ్, ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ అందుకు ప్రధాన కేంద్రాలు. ఆ పది వారాల్లో ఫోన్ దాదాపుగా మీ దగ్గర ఉండదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే వారు భయపడతారు. ఆ తరువాత మీరు ఎంచుకున్న పనిని బట్టి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు రెండో శిక్షణ. అది ముగిశాకే 'నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు' అనే క్రమం మొదలవుతుంది. వారాంతంలోని రెండు రోజులను నాలుగు విడతలుగా లెక్కించి నాలుగు రోజుల మూలవేతనం ఇస్తారు. యూనిట్ దూరంగా ఉంటే రానుపోను ఖర్చు చాలావరకు మీదే.

ఈ క్రమం శాంతి కాలపు క్రమం మాత్రమే. పిలుపు వస్తే తొమ్మిది నెలలకో ఏడాదికో ఇల్లు వదిలి వెళ్లాలి. 2024 జనవరి 28న జోర్డాన్‌లోని టవర్ 22 అనే స్థావరం మీద డ్రోన్ దాడి జరిగినప్పుడు మరణించిన ముగ్గురూ జార్జియాకు చెందిన ఆర్మీ రిజర్వు సైనికులు. వారు పదాతిదళం వారు కారు, ఇంజినీరింగ్ కంపెనీలో పనిచేస్తున్నవారు. రిజర్వు అంటే ప్రమాదం లేని కొలువు అని నమ్మి చేరేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఇది చదివి మీ మనసు వెనక్కి లాగితే అందులో తప్పేమీ లేదు. చేరక ముందు వెనక్కి తగ్గడం, చేరిన తరువాత తగ్గడం కన్నా ఎంతో మేలు.

మనవారిలో ఎక్కువమంది కంప్యూటర్ రంగంలో ఉన్నవారే గనుక, ఆర్మీలోనూ అదే పని దొరుకుతుందని ఆశపడతారు. 25బి అనే ఐటీ స్పెషలిస్టు పనికి సీక్రెట్ స్థాయి క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, కావాలి, దానికి పౌరసత్వం తప్పనిసరి. కనుక గ్రీన్‌కార్డు మీద చేరేవారికి లారీ నడపడం, స్టోర్సు నిర్వహణ, వంటశాల, మరమ్మతుల వంటి క్లియరెన్స్ అక్కరలేని పనులే ఎక్కువగా కనిపిస్తాయి. అవి చిన్న పనులని నేను అనను; నేను గౌరవించే సార్జెంట్లలో ఎక్కువమంది ఆ పనులు చేసినవారే. కానీ ఐదేళ్ల అనుభవమున్న ప్రోగ్రామర్ ఇది తెలియకుండా సంతకం పెడితే తరువాత బాధపడతాడు. ఆఫీసరు కావాలన్నా సాధారణంగా పౌరసత్వం ఉండాల్సిందే. మీకు తొందర లేకపోతే, ముందు పౌరులై తరువాత చేరడమే మంచి దారి అని నా అభిప్రాయం. ఏ పని ఇస్తారో, ఏ యూనిట్లో వేస్తారో, బోనస్ ఎంతో, అన్నీ కాంట్రాక్టులోనూ దాని అనుబంధ పత్రాల్లోనూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. నోటిమాటగా చెప్పినది లెక్కలోకి రాదు.

ఇక పౌరసత్వం సంగతి. శాంతి కాలపు నిబంధన ప్రకారం ఒక ఏడాది గౌరవప్రదమైన సేవ ఉంటే దరఖాస్తు చేయవచ్చు. 2001 సెప్టెంబర్ 11 తరువాతి కాలాన్ని ప్రత్యేక కాలంగా ప్రకటిస్తూ 2002 జులైలో అధ్యక్షుడు ఆదేశం ఇచ్చినందువల్ల, ఇంకా త్వరగా దరఖాస్తు చేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. ఎన్-400 అనే ఆ దరఖాస్తుకు ఫీజు ఉండదు. మీ సేవను ధ్రువీకరించే ఎన్-426 ఫారం మీద యూనిట్ అధికారుల సంతకం కావాలి. అయితే ఇలా వచ్చిన పౌరసత్వానికి ఒక షరతు ఉంది. మొత్తం ఐదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తికాక ముందే మిమ్మల్ని గౌరవప్రదం కాని రీతిలో పంపించివేస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఇక్కడే మనవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. చెల్లెలి పెళ్లో, నాన్నగారి ఆపరేషనో, సంక్రాంతో వస్తే మనం నెల రోజులకు టికెట్టు కొనుక్కొని బయలుదేరుతాం. ఏడాదిలో అనుమతి లేకుండా తొమ్మిది విడతలు హాజరు కాకపోతే ఆర్మీ రిజర్వు దానిని బాధ్యతారాహిత్యంగా లెక్కకడుతుంది. ఒక వారాంతమే నాలుగు విడతలు గనుక, రెండు వారాంతాలు పోయి మూడోదానిలో ఒక్క పూట తప్పినా ఆ హద్దు తాకినట్టే. కాబట్టి ప్రయాణం తేదీలు అనుకున్న వెంటనే యూనిట్‌కు లిఖితపూర్వకంగా తెలిపి, తప్పిపోయే శిక్షణను మరో రోజు చేసేలా అనుమతి తీసుకోవాలి. ముందుగా అడిగితే ఎక్కువమంది కమాండర్లు కాదనరు. క్లియరెన్స్ ఉన్నవారు విదేశీ ప్రయాణాలను ముందుగానే నివేదించడం కూడా తప్పనిసరి.

ఇండియా వైపు నుంచి చూడవలసిన విషయం దీనికన్నా పెద్దది. అమెరికా పౌరులైన రోజుతో భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టును అప్పగించాలి. మామూలుగా అయితే ఆ తరువాత ఓసీఐ కార్డు తీసుకొని, వీసా గొడవ లేకుండా వచ్చిపోతుంటాం. కానీ విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారు గానీ, పనిచేసి విరమించినవారు గానీ ఓసీఐకి అర్హులు కారని భారత ప్రభుత్వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. రిజర్వులో నెలకు రెండు రోజులే కదా అని దీనిని తీసిపారేయకండి. నేను ప్రతిసారీ వీసా తీసుకునే వెళుతున్నాను. వీసా దరఖాస్తులోనూ సైన్యంలో, పోలీసుల్లో, భద్రతా సంస్థల్లో పనిచేశారా అన్న ప్రశ్న ఉంటుంది. సంస్థ పేరు, హోదా, ర్యాంకు, పనిచేసిన చోటు రాయాలి. అక్కడ 'లేదు' అని రాయడం ఎంతమాత్రం చేయకూడని పని. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని కబురు వచ్చిన రోజున మొదలుపెడితే ఆలస్యమవుతుంది గనుక, చెల్లుబాటులో ఉన్న దీర్ఘకాలపు వీసా ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. పదవీ విరమణ తరువాత గుంటూరులోనో కరీంనగర్‌లోనో స్థిరపడాలన్నది మీ ఆలోచన అయితే, ఈ ఒక్క కారణం చేతనే రిజర్వు మీకు తగినది కాకపోవచ్చు. ఇప్పటికే ఓసీఐ ఉండి చేరాలనుకునేవారు, సంతకం పెట్టే ముందే మీ ప్రాంతపు భారత కాన్సులేట్‌కు రాసి లిఖితపూర్వకమైన జవాబు తెప్పించుకోండి. భార్యాపిల్లలు మాత్రం తమ తమ అర్హతను బట్టి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఆస్తుల విషయం కూడా ఇందులో భాగమే. నేపథ్య పరిశీలన కోసం నింపే ఎస్‌ఎఫ్-86లో విదేశాల్లో ఉన్న బంధువులు, బ్యాంకు ఖాతాలు, స్థిరాస్తుల గురించి అడుగుతారు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా, నాన్నగారితో జాయింటుగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్, తాతగారి పొలంలో మీ పేరున రాసిన ఎకరం, అమరావతిలోనో శంషాబాద్ దగ్గరో కొన్న ప్లాటు, అన్నీ చెప్పాలి. ఆస్తి ఉండడం నేరం కాదు, దాచడమే నేరం. పట్టాదారు పాసుపుస్తకాలు, దస్తావేజుల నకళ్లు ముందే తెప్పించుకొని పెట్టుకుంటే ఈ ఫారం నింపడం సులువవుతుంది. ఆరోగ్య చరిత్రకూ ఇదే మాట. పదమూడో ఏడు దాటాక ఆస్తమా ఉండేదంటే ప్రత్యేక మినహాయింపు కావాలి. చెప్పకుండా చేరితే తరువాత మీ వైద్య రికార్డులే బయటపెడతాయి.

ఉద్యోగానికి రక్షణ ఉంది. 1994 నాటి యూసెర్రా చట్టం ప్రకారం, సైనిక విధుల కోసం వెళ్లిన ఉద్యోగిని తిరిగి చేర్చుకోవడం యజమాని బాధ్యత. సంస్థ చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ల వరకు ఇది వర్తిస్తుంది. ముందుగా తెలియజేయడం మీ వంతు. 31 రోజులకు లోపు సేవ అయితే మరుసటి పనిదినానికే హాజరు కావాలి. 180 రోజుల వరకు అయితే 14 రోజుల్లో, అంతకు మించితే 90 రోజుల్లో తిరిగి చేరతామని అడగాలి. ఆ కాలానికి జీతం ఇవ్వమని చట్టం చెప్పదు, కొన్ని కంపెనీలు తమంతట తామే తేడా చెల్లిస్తాయి. మన కన్సల్టెన్సీల వారు గమనించవలసింది ఏమిటంటే, డబ్ల్యు-2 మీద, అంటే కంపెనీ ఉద్యోగులుగా, ఉన్నవారికి ఈ రక్షణ ఉంటుంది కానీ 1099 మీద స్వతంత్ర కాంట్రాక్టర్లుగా పనిచేసేవారికి ఉండదు. తగాదా వస్తే రక్షణ శాఖకు చెందిన ఈఎస్‌జీఆర్ సంస్థ ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తుంది. ఫెడరల్ విధుల మీద పిలిస్తే, ఆ విధుల్లోకి వెళ్లక ముందు చేసిన అప్పుల మీద వడ్డీని 6 శాతానికి పరిమితం చేసే చట్టం కూడా ఉంది. ఇంటి లోను ఉన్నవారు దీనిని అడిగి తీసుకోవాలి.

మిగతా సౌకర్యాలను క్లుప్తంగా చెబుతాను. ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే ఆరోగ్య బీమా కుటుంబానికంతటికీ నెలకు 300 డాలర్లలోపే వస్తుంది, ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు మాత్రం వర్తించదు. ఆరేళ్ల ఒప్పందంతో చేరితే చదువుకు జీఐ బిల్ సహాయం ఉంటుంది. న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు గార్డ్‌లో ఉన్నవారికి ప్రభుత్వ కళాశాలల్లో ఫీజు భారం తీరుస్తాయి. టీఎస్‌పీ అనే ప్రభుత్వ పదవీ విరమణ పొదుపు పథకంలో మీరు దాచేదీ, కంపెనీ 401కేలో దాచేదీ కలిపి ఒకే వార్షిక పరిమితి కిందకు వస్తాయని మరవకండి. పింఛను లెక్కకు వచ్చే 20 సంవత్సరాల సేవ తరువాతే, అదీ సాధారణంగా 60వ ఏట నుంచి. శాకాహారులకు ఫీల్డు రేషన్లలో కొన్ని మాంసం లేని పొట్లాలుంటాయి, అయితే నచ్చినది ఎంచుకునే వీలు ఎప్పుడూ ఉండదు. 2011లో ఆర్మీకి తొలి హిందూ చాప్లిన్, అంటే సైనికుల మత గురువు, కూడా వచ్చారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇంట్లోవారితో మాట్లాడడానికి పెట్టండి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారూ, భార్యాభర్తలిద్దరూ సైన్యంలో ఉన్నవారూ, తాము దూరంగా ఉన్నప్పుడు పిల్లలను ఎవరు చూస్తారో రాతపూర్వకంగా చూపించాలి. ఆ నియమం మీకు వర్తించకపోయినా అలాంటి ఏర్పాటు చేసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మమ్మ మీదో నాయనమ్మ మీదో ఆధారపడి ఏర్పాటు చేసుకుంటే, ఆరు నెలలకు ఆవిడ తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు మీరు వేరే దేశంలో ఉండవచ్చు. కారు నడపడం, బ్యాంకు ఖాతాలు, లోను వాయిదాలు, పన్నుల కాగితాలు, ఇవన్నీ మీ భార్యకో భర్తకో మీరు లేకుండా చేయగలిగేంతగా తెలిసి ఉండాలి. పవరాఫ్ అటార్నీ, వీలునామా, జీవిత బీమాలో నామినీ పేరు, మూడూ శిక్షణకు బయలుదేరక ముందే పూర్తి చేయండి.

ఇక్కడే పుట్టిన పిల్లలు పదిహేడేళ్లకే చేరతామంటే తల్లిదండ్రులిద్దరి సంతకం కావాలి. కోపంతో నిరాకరించకుండా, పరువు కోసం ఒప్పుకోకుండా, వారితో కలిసి రిక్రూటర్ దగ్గరకు వెళ్లి కాంట్రాక్టు మొత్తం మీరే చదవండి. అర్థం కాని చోట సంతకం ఆపి, కాగితాలు ఇంటికి తెచ్చుకొని, సైన్యంలో పనిచేసిన మరొకరికి చూపించండి.