ఇసుక చప్పుడు వినే ప్రాజెక్టు అమ్మాయికి అక్కరకొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడో ఏడాది చదువుతోంది. గ్యాస్ పైపుల్లో ఇసుకను శబ్దంతో పసిగట్టే ప్రాజెక్టు చేస్తానంటోంది. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, అమలాపురం

జవాబు: చేయనివ్వండి. ఈ ప్రాజెక్టులో సగం పని సాఫ్ట్‌వేరేనండీ.

మీ కోనసీమలో గ్యాస్ బావులు మీకు కొత్త కాదు. కొన్ని బావుల్లో గ్యాస్‌తో పాటు ఇసుకా పైకి వస్తుంది. 2009లో ఉత్పత్తి మొదలైన కేజీ డీ6లో (కృష్ణా-గోదావరి తీరంలోని సముద్రపు గ్యాస్ క్షేత్రం) నీరు, ఇసుక చేరి కొన్ని బావులు మూతపడ్డాయి. ఇసుక పైపునూ లోపల్నుంచి అరగదీస్తుంది. పైపు వంపు దగ్గర గ్యాస్ సులువుగా మళ్లుతుంది, బరువైన రేణువు మాత్రం తిన్నగా పోయి గోడకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు పుట్టే ధ్వనిలో మన చెవికి అందని భాగాన్ని, సుమారు 100 కిలోహెర్ట్జ్ పైన ఉండేదాన్ని, వంపు దాటాక బయట బిగించిన పీజో సెన్సర్ (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) పట్టుకుంటుంది. పైపుకు చిల్లు పెట్టే పని లేదు.

అసలు కష్టం ఆ తర్వాతే. ప్రవాహమూ హోరుమంటుంది, వాల్వులూ చప్పుడు చేస్తాయి. పైగా వేగం రెట్టింపైతే అదే రేణువు నాలుగు రెట్ల శక్తితో కొడుతుంది. చప్పుడు పెరిగిందంటే ఇసుక పెరిగిందో, వేగం పెరిగిందో తేల్చాలి. అందుకే తూచిన ఇసుకను పంపి సెన్సర్ రీడింగును సరిచూస్తారు. మీ అమ్మాయికి జీవితాంతం పనికొచ్చే విద్య ఇదే: హోరులోంచి కావాల్సిన సంకేతాన్ని విడదీయడం. బేరింగులు, పంపుల పాడును ముందే కనిపెట్టడానికీ, పైపుల లీకేజీ పట్టడానికీ ఇదే కావాలి.

ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. నీళ్ల మోటారు, ఇనుప పైపు, ఒక ఎల్బో (పైపు వంపు ముక్క), పీజో సెన్సర్, జల్లించిన ఇసుక చాలు. ఇసుకను మోటారు దాటాకే వేసి, చివర గుడ్డలో పట్టమనండి, లేకపోతే మోటారు పాడవుతుంది. మామూలు సౌండ్ కార్డు అంత పై ధ్వనిని పట్టలేదు, కాలేజీ ల్యాబ్‌లోని ఆసిలోస్కోపు (సంకేతాన్ని తెర మీద గీతగా చూపే పరికరం) అడగమనండి. ముందు వట్టి నీళ్లతో, తర్వాత 10 గ్రాములు, 20 గ్రాములతో రికార్డు చేసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పోల్చాలి.

ఉద్యోగాల సంగతి దాచను. అచ్చంగా ఇసుక సెన్సర్ల మీదే ఉండే కొలువులు తక్కువ. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో గేట్ రాయమనండి, పైథాన్ వదలొద్దనండి. చమురు రంగమే ఆమెకు నచ్చితే ఎంటెక్‌లో అటు వెళ్లొచ్చు, ఇప్పుడు బ్రాంచి మారనక్కర్లేదు.

ఇంకొక్కటి. ఇసుక లేకున్నా ఉందని సెన్సర్ చెప్పిన సందర్భాలను కూడా రిపోర్టులో రాయమనండి. ఇంటర్వ్యూలో నేనైతే ముందు ఆ పేజీయే తెరుస్తాను.