షెడ్డు తాళం తీసేలోగా చదువు

రాజమండ్రి

అమ్ములూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి గాజువాకలో షెడ్డు అద్దెకి తీసుకున్నావట, టేకు బల్లలూ అల్మరాలూ చేసి అమ్ముతావట. "నువ్వైనా చెప్పన్నయ్యా" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను ఆ మాట అనను. చిన్నప్పుడు మా షెడ్డుకొచ్చి, వేళ్ళకి ఫెవికాల్ పూసుకుని, ఆరాక పొరలు ఒలుచుకుంటూ కూర్చునేదానివి. అదే పిల్ల ఇప్పుడు జిగురు కిలోల్లో కొంటుందంటే రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం గుబులు.

గుబులు రంపం గురించి కాదు. రంపాన్ని చూస్తే ఎవరికైనా జాగ్రత్త దానంతటదే వస్తుంది. జిగురు డబ్బాని, స్ప్రే గన్నుని చూసి ఎవరూ జంకరు. నువ్వు కొనబోయే సామాన్ల జాబితా మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. గన్ను ఉంది, కంప్రెసర్ ఉంది, నాలుగు రకాల జిగురుంది. మాస్కు లేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. అంతవరకూ ఏదీ ఆర్డర్ పెట్టకు.

చెక్క ఆరిందో లేదో చేత్తో తట్టి చెప్పే విద్య నీకింకా రాదు. తేమ కొలిచే పిన్నుల మీటరు ఒకటి కొనుక్కో. తేమ 12 శాతం దాటితే ఆ చెక్కని పక్కన పెట్టెయ్.

రోజువారీ జాయింట్లకి తెల్ల జిగురు చాలు, షాపులో ఫెవికాల్ అంటే ఇచ్చే ఎస్‌హెచ్ రకం. పూసిన పది నిమిషాల్లో జోడించి బిగించాలి. మే నెలలో అయితే ఐదే అనుకో. చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాములు పడుతుంది, అంటే ఎనిమిది-నాలుగు షీటుకి సుమారు అరకిలో. బిగించాక అంచు వెంట ముత్యాల్లా సన్నగా పైకి రావాలి. అసలు రాకపోతే తక్కువైంది, కారిపోతుంటే ఎక్కువైంది. కారినదాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవకు. నీళ్ళతో కలిసి చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది, అక్కడ రంగు పట్టదు. అరగంటో ముప్పావుగంటో ఆగితే రబ్బరులా అవుతుంది, అప్పుడు ఉలితో గీకెయ్. పాలిష్‌కి ముందు ఆ చోట థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి చూడు. మిగిలిన మచ్చ ఉంటే పాలిపోయి కనిపిస్తుంది.

పలకల్ని అంచుకి అంచు అతికావా, మర్నాడే చిత్రిక పట్టకు. జిగురులోని నీటికి జాయింటు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుని నునుపు చేసేస్తే, వారం తర్వాత అది ఆరి కుంగి సన్నటి గాడిలా తేలుతుంది. మ్యాట్ పాలిష్‌లో దాక్కుంటుంది, గ్లాసీలో ట్యూబ్‌లైటు పడగానే గీతలా కనిపిస్తుంది. మూడు రోజులు ఆగు.

టేకులో నూనె ఉంటుంది. అతికే ముందు ఆ ముఖాన్ని కొత్తగా చిత్రిక పట్టి, ఎసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే అతకాలి. పొద్దున తుడిచి సాయంత్రం అతికితే తుడవనట్టే, నూనె మళ్ళీ పైకొస్తుంది. సింకు దగ్గరివాటికి, వాన తగలని బాల్కనీ సామానుకి నీటిని తట్టుకుంటుందని డి3 గుర్తున్న రకం వాడు. జాయింటులో సందు ఉండిపోయి తీరా సరిచేసే వీలు లేకపోతే ఆరల్డైట్ లాంటి ఎపాక్సీ కొలిచి కలుపు. దాన్ని మాత్రం గట్టిగా బిగించకు, ఉన్నదంతా బయటికొచ్చేసి లోపల ఏమీ మిగలదు. నురగ కక్కే పీయూ (పాలీయురెథేన్) జిగురు సందుని నింపినట్టే కనిపిస్తుంది, ఆ నురగలో బలం ఉండదు.

ఇంతవరకూ డబ్బా మీద కూడా రాసి ఉంటుంది. ఇప్పుడు చెప్పేది ఏ డబ్బా మీదా ఉండదు.

నువ్వు వెనీర్ పని, అంటే ప్లైవుడ్ మీద పల్చటి చెక్క రేకు అతికే పని, చేస్తావని జాబితా చూస్తే తెలుస్తోంది, రబ్బరు జిగురు ఐదు లీటర్లు రాశావు. సరిగ్గా అదే జిగురుతో ఒక పెళ్ళివారి భోజనాల బల్ల మా చేతుల్లో పాడైంది. ఎనిమిది మంది కూర్చునేది. కింద 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన అర మిల్లీమీటరు టేకు వెనీర్. వెనకాల ప్లై ఉన్నది కాదు, ఉత్త రేకు. రెండు వైపులా రబ్బరు జిగురు పూసి, పావుగంట ఆగి, అద్ది, రోలరు తిప్పాం. అతుకు అద్దంలా కుదిరింది. మర్నాడు గన్నుతో ఎన్‌సీ లక్కర్ (థిన్నర్ ఎగిరిపోగానే ఆరే పాలిష్) మూడు పూతలు, గంటలో, బాగా తడిగా. రెండు రోజులు చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మూడో రోజు కిటికీ ఎండ పడేసరికి బుడగలు. రూపాయి బిళ్ళంత ఒకటి, అరచెయ్యంత ఇంకోటి, సాయంత్రానికి లెక్కపెట్టడం మానేశాం.

కారణం చూడు. రబ్బరు జిగురు టోలుయిన్ లాంటి ద్రావకాల్లో కరిగి ఉంటుంది. లక్కర్ థిన్నర్‌లో ఉండేదీ ఆ జాతే. టేకు రంధ్రాలు పెద్దవి, రేకు అర మిల్లీమీటరు. తడి కోటు పడ్డప్పుడల్లా థిన్నర్ రంధ్రాల్లోంచి కిందికి దిగి, ఒకరోజు క్రితం పట్టిన జిగురుని మళ్ళీ మెత్తబరిచింది. పైన లక్కర్ పొర ముందే ఆరి మూతలా కూర్చుంది. లోపలి ద్రావకానికి దారి లేదు. ఎండకి అది ఆవిరై రేకుని పైకి నెట్టింది.

అంతకుముందు ఇరవై బల్లలు అదే జిగురుతో, అదే రేకుతో చేశాం. ఒక్కటీ లేవలేదు. అప్పట్లో పాలిష్ చపడాతో (లక్కతో), చేత్తో, పల్చగా పట్టించేవాళ్ళం. చపడా కరిగేది స్పిరిట్‌లో, స్పిరిట్ రబ్బరుని ఏమీ చెయ్యదు. గన్ను వచ్చాక జిగురు మారలేదు, దాని మీద పడేది మారింది. మేం జిగురునే అనుమానించి, కొత్త డబ్బా తెప్పించి, మళ్ళీ అదే తప్పు చెయ్యబోయాం కూడా.

బాగుచెయ్యాలని చూడ్డం రెండో తప్పు. గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో నొక్కితే బుడగ అణిగింది, మర్నాడు లేచింది. తెల్ల జిగురైతే వేడికి మెత్తబడి మళ్ళీ పట్టేది, మా రబ్బరు జిగురు పట్టలేదు. పైగా మెత్తబడ్డ లక్కర్ మీద గుడ్డ నేత అచ్చుపడింది. సిరంజితో సందులోకి జిగురు ఎక్కిస్తే చుట్టూ మరక. చివరికి రేకంతా గీకి పారేసి మళ్ళీ మొదలుపెట్టాం.

రెండోసారి చేసిన పద్ధతే నువ్వు మొదటిసారి చెయ్యి. తెల్ల జిగురుని ప్లైవుడ్‌కి మాత్రమే రోలరుతో పల్చగా పూయి. రేకుకి పూస్తే ముడుచుకుపోతుంది. మందంగా పూస్తే రంధ్రాల్లోంచి పైకొచ్చి మచ్చలు పడతాయి. రేకు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద మందపాటి ప్లైవుడ్, మధ్యలోంచి అంచులకి వెళ్తూ క్లాంపులు. రాత్రంతా ఉంచు. అడుగు వైపు కూడా ఒక రేకు అతికించు, చవకది చాలు. ఒక్క వైపే అతికిస్తే పలక వంగుతుంది. వెనకాల ప్లై ఉన్న నాలుగు మిల్లీమీటర్ల వెనీర్ అయితే థిన్నర్ అంత లోతుకి దిగదు, భయం తక్కువ. అయినా మొదటి కోటు పొడిపొడిగా కొట్టు.

ఏ జిగురు మీద ఏ పాలిష్ అయినా ముందు అడుగు పొడవున్న ముక్క మీద చేసి మూడు రోజులు ఎండలో పెట్టు. కొండపల్లిలో బొమ్మ చేతులు అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. దాని మీద సున్నం, ఆపైన రంగు. వాళ్ళకి అతుకూ రంగూ వేరు వేరు బేరాలు కావు. మనమే ఒకటి ఈ షాపులో, ఇంకొకటి ఆ షాపులో కొంటాం.

ఇక గన్ను. పైన కప్పు ఉండే గ్రావిటీ రకం, 1.4 మిల్లీమీటర్ల నాజిల్, లక్కర్‌కీ పీయూకీ ఇది ఒక్కటి చాలు. సీలర్ (చెక్క రంధ్రాలు మూసే మొదటి పూత) చిక్కగా కొట్టాలంటే 1.8 నాజిల్ సెట్టు విడిగా ఉంచుకో. గోడలకి కొట్టే ఎయిర్‌లెస్ మెషీను చవగ్గా వస్తోందని తీసుకోకు. హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్) గన్ను మెటీరియల్ ఆదా చేస్తుంది, కానీ గాలి తాగేస్తుంది, నిమిషానికి పది ఘనపుటడుగుల పైన. నువ్వు రాసింది రెండు హెచ్‌పీ కంప్రెసర్. దాని కాగితం మీద ఉండే డిస్‌ప్లేస్‌మెంట్ (పిస్టన్ తోసే గాలి) అంకెలో మూడో వంతు తీసేసి చూసుకో, చేతికొచ్చే గాలి అంతే. ఆ గాలికి ఎల్‌వీఎల్‌పీ (తక్కువ గాలి, తక్కువ ప్రెషర్) గన్ను సరిపోతుంది. హెచ్‌వీఎల్‌పీయే కావాలంటే, ఆ మూడో వంతు తీసేశాక కూడా పది ఘనపుటడుగుల పైన ఇచ్చే పెద్ద కంప్రెసర్ తీసుకో. రెండిటినీ తప్పుగా జతకలిపితే మొదటి తలుపు బాగా వస్తుంది, రెండో తలుపు సగంలో ప్రెషర్ పడిపోయి నారింజ తొక్కలా తయారవుతుంది. ప్రెషర్ ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని గన్ను దగ్గర చూడాలి. ట్యాంకు మీటరు చెప్పేది ట్యాంకు సంగతి.

చిక్కదనం ఎంతంటే, అడుగున రంధ్రం ఉండే ఫోర్డ్ బీ4 కొలత కప్పు ఖాళీ కావడానికి 18 నుంచి 22 సెకన్లు పట్టాలి. ముందు అట్ట మీద ఒక్క క్షణం కొట్టి చూడు. మధ్యలో బరువుగా పడితే చిక్కగా ఉంది, లేదా గాలి తక్కువ. రెండు కొసల్లో బరువైతే గాలి ఎక్కువ. అరటిపండులా వంగి పడితే క్యాప్ రంధ్రం మూసుకుంది. దాన్ని ఇనప తీగతో పొడిచావంటే కొత్త క్యాప్ కొనాల్సిందే, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చెయ్యి. చెక్కకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం. మణికట్టు తిప్పకు, చెయ్యంతా కదలాలి. ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. అంచుకి రాకముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాకే వదులు.

మీ ఊరి ఉప్పుగాలి నాకు తెలుసు. వానాకాలం సాయంత్రం లక్కర్ కొడితే పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. రిటార్డర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) ఐదు నుంచి పది శాతం కలిపితే నిదానిస్తుంది. తెల్లబారిన చోట కూడా దాన్నే పల్చగా మంచులా కొడితే చాలాసార్లు విడిపోతుంది. గాలిలో తేమ 80 శాతం దాటిన రోజున గన్ను కడిగి గూట్లో పెట్టేసి జాయింట్లు చేసుకో. ట్యాంకు కింద నీళ్ళు రోజూ వదులు, గన్ను ముందు నీటి ఫిల్టర్ పెట్టు. లేదంటే పాలిష్ మీద చేపకళ్ళలా గుంటలు పడతాయి. అవి సిలికాన్ స్ప్రే వల్ల కూడా వస్తాయి, కాబట్టి ఆ డబ్బాని షెడ్డులోకే రానివ్వకు.

లక్కర్ ఆవిరికి నిప్పురవ్వ చాలు. మామూలు ఫ్యాన్ కింద, స్విచ్చి పక్కన కొట్టకు. కంప్రెసర్ గోడ అవతల ఉండాలి. అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరనియ్యి, లేదా నీళ్ళ బకెట్టులో ముంచు.

ఇప్పుడు మాస్కు. హార్డెనర్ కలిపే పీయూలో ఐసోసయనేట్లుంటాయి. వాసన రాలేదంటే లేవనుకోకు, వాసన తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది. ఒకసారి ఊపిరితిత్తులకి అది పడకుండా పోయిందంటే, తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసమే. మా దగ్గర గన్ను పట్టిన కుర్రాడొకడు రుమాలు కట్టుకుని కొట్టేవాడు, చెబితే నవ్వేవాడు. ఇప్పుడు హార్డెనర్ మూత తీసిన గదిలోకి రాలేడు. నేను గట్టిగా చెప్పలేదని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే నీ మీద ఇంత అరుస్తున్నాను.

ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, గుడ్డ అదీ సరిగ్గా ఆపదు. ఆవిరిని రెండూ ఆపవు. ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జి (ద్రావకాల ఆవిరిని పట్టే డబ్బీ), దాని మీద దుమ్ము ఫిల్టర్ ఉన్న రబ్బరు మాస్కు కావాలి. పని అయ్యాక కాట్రిడ్జిని జిప్ కవర్లో పెట్టు, బయట ఉంటే ఊరికే అరిగిపోతుంది. పీయూకి అదీ పూర్తి రక్షణ కాదు, బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కే సరైనది. కాబట్టి మొదటి ఏడాది హార్డెనర్ లేని వాటర్‌బేస్ పాలిష్‌తో నడుపు. పీయూ అడిగిన పార్టీ పనిని స్ప్రే బూత్ ఉన్నవాళ్ళకి పంపు. లాభం కొంత వాళ్ళకి పోతే పోనీ.

మాస్కు వచ్చాక పెట్టుకుని, కాట్రిడ్జిల మీద రెండు అరచేతులూ అడ్డుపెట్టి గాలి పీల్చు. మాస్కు మొహానికి అతుక్కుపోవాలి. పక్కల నుంచి గాలి వస్తే సైజు మార్చు. సరిపోయాక ఫోటో తీసి నాకు పంపు, గన్ను ఆర్డర్ ఆ తర్వాతే. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య