ఒక్కపొద్దు తర్వాత, ముందు నిద్ర సంగతి చూడు

అనంతపురం

నాయనా,

మొన్న రాత్రి రెండుంబావుకు నువ్వు ఫోన్ చేసి, "పెద్దనాయనా, తినక పద్దెనిమిది గంటలైంది, తల తిరుగుతాంది, ఇప్పుడు తింటే ఉపవాసం చెడిపోతుందా?" అని అడిగితే నిద్రమత్తులో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. "తినరా ముందు" అన్నానంట, మీ పెద్దమ్మ చెప్పింది. సలహా సరైందే గానీ అది సగమే. మిగతా సగం రాసి పంపుతున్నా. ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అంటూ ఇంకో పని చూసుకుంటావు.

గంటలు లెక్కపెట్టి చేసే ఈ ఉపవాసానికి నేను అడ్డం చెప్పేవాణ్ణి కాదు. నీకంటే ముందు ఈ గుంతలో దిగి లేచినోణ్ణి. ఇంకా బడిలో జీవశాస్త్రం చెప్తున్న రోజుల్లోనే మొదలుపెట్టా. అప్పుడు 82 కిలోలు. పొద్దున టిఫిన్ మానేశా. మధ్యాహ్నం ఒంటిగంటకు బడిలో క్యారియర్, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఇంకోపూట. రెండు నెలల్లో 4 కిలోలు తగ్గా. నా ఉపదేశాలు వినలేక స్టాఫ్‌రూమ్‌లో తక్కిన సార్లు నన్ను చూస్తే లేచిపోయేవాళ్లు.

అంతలో ఎండాకాలం వచ్చింది. చీనీ (బత్తాయి) తోటకు తడి తప్పితే పిందె నిలవదు. సేద్యానికి కరెంటు 2004 నుంచి ఉచితమే గానీ, అప్పట్లో మా లైనుకు మోటారు నడిచే త్రీఫేజు కరెంటు ఒక వారం రాత్రి పదికి వస్తే ఇంకో వారం రెండుకు వచ్చేది. ఆటో స్టార్టరు పెట్టుకున్నా, ఫ్యూజు పోయినా, డ్రిప్పు పైపు ఎలుక కొరికినా మనిషి పోవాల్సిందే. టార్చి, కట్టె పట్టుకొని పోయి, వాల్వు తిప్పి, ఇంటికొచ్చేసరికి మూడయ్యేది. పడుకుంటే నిద్ర రాదు. లైటు వేస్తే మీ పెద్దమ్మ లేస్తుందని సెల్లు వెలుతుర్లోనే గిన్నె మూత తీసేవాణ్ణి. చల్లారిన సంగటి ముద్ద, నడుమ గుంత చేసి అందులో చెనక్కాయల ఊరుబిండి, పైన ఇంత నూనె. దాంతో ఆగితే బాగుండేది. ఆ పక్క డబ్బాలో బొరుగులు, వేయించిన చెనక్కాయలు. నమిలితే చప్పుడొస్తుందని గోడవైపు తిరిగి నమిలేవాణ్ణి. గుప్పెడే గదా అనుకుంటాం. చెనక్కాయలు 100 గ్రాములు తింటే 550 కేలరీలు దాటిపోతాయి. నా లెక్కలో అది తిండే కాదు, రాత్రి పనికి కూలి. పొద్దున మళ్లీ టిఫిన్ మానేసి, ఉపవాసం ఉన్నానని గట్టిగా నమ్మేవాణ్ణి. నాలుగు నెలలకు పోయిన 4 కిలోలూ వెనక్కి వచ్చాయి, వస్తూ ఇంకో 2 తోడు తెచ్చుకున్నాయి.

తప్పు ఉపవాసానిది అనుకొని వదిలేశా. చాలా రోజులకు గానీ తెలియలేదు, తప్పు నిద్రది.

మీ అవ్వను గుర్తుచేసుకో. బతికినన్నాళ్లూ శనివారం ఒక్కపొద్దు. పగలు ఒకపూట అన్నం, మాపటికి ఒక అరటిపండు, ఇన్ని బొరుగులు. ఆమెకు పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటల్లోనే తిండి అనే ఏ అంకెలూ తెలియవు. కానీ ఏడున్నరకు ఇంట్లో దీపం తగ్గిస్తే ఎనిమిదికి నిద్రపోయేది, కోడి కూతకు లేచేది. శనివారమైనా, సంక్రాంతి అయినా అదే వేళ. ఆమె ఉపవాసం ఆ నిద్ర మీద కూర్చుని ఉండేది. మనం నిద్ర తీసేసి ఉపవాసం మాత్రం పట్టుకున్నాం. (ఒక్కపొద్దు పేరు చెప్పి మాపటికి ఏడు దోసెలు లాగించేవాళ్లను కూడా మన ఇంట్లోనే చూశా, పేర్లు ఎందుకులే.)

నువ్వు పంపిన వీడియోలో ఆయనెవరో "ఉపవాసానికి నోబెల్ ఇచ్చారు" అన్నాడు. అది సరికాదు. 2016లో జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి ఒసుమికి ఇచ్చారు. కణం తనలో పాడైన భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకునే పనిని ఆటోఫాజీ అంటారు. అది ఎట్లా జరుగుతుందో ఆయన ఈస్టు కణాల్లో విప్పి చూపించాడు. తిండి అందనప్పుడు ఆ పని జోరందుకునే మాట నిజమే. మనిషి ఇన్ని గంటలు కడుపు మాడ్చుకోవాలని మాత్రం అందులో యాడా లేదు.

నాకు విచిత్రమనిపించేది ఏందంటే, మరుసటి సంవత్సరం బహుమతి సంగతి ఆ వీడియోవాళ్లు ఎవరూ ఎత్తరు. 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి వచ్చింది, ఒంట్లోని గడియారం మీద చేసిన పనికి. పండ్లమీద వాలే చిన్న ఈగల్లో చూశారు: ఒక ప్రోటీను రాత్రంతా కణంలో పోగవుతుంది, పగలు తరిగిపోతుంది. ఆ పోగు, ఆ తరుగే గడియారం. మనకైతే పెద్ద గడియారం మెదడులో, రెండు కంటినరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు 20,000 కణాల గుంపు. అది వెలుతురును చూసి టైము సరిచేసుకుంటుంది. కాలేయానికి, క్లోమానికి వాటి గడియారాలు వేరే ఉన్నాయి. అవి తిండివేళను కూడా పట్టించుకుంటాయి. రాత్రి మూడుకు నేను సంగటి తింటుంటే కన్ను "రాత్రి" అంటుంది, కడుపు "పగలు" అంటుంది. అదే ముద్ద పగలు తిన్నదానికంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఆ వేళకు చక్కెరను తగ్గించే ఇన్సులిన్ పని మందగిస్తుంది గాబట్టి. దానికి తోడు నిద్ర తగ్గితే ఆకలి పెంచే గ్రెలిన్ ఎక్కువై, చాలనిపించే లెప్టిన్ తగ్గుతుంది. ఆ బొరుగుల డబ్బా నన్ను ఎందుకు పిలిచేదో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నీ సంగతి. బెంగుళూరులో నీ డ్యూటీ మాపటికి ఆరున్నర నుంచి రాత్రి మూడున్నర. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగున్నరకు పడుకుంటావు, శని ఆదివారాలు పదకొండుకే పడుకొని పొద్దున ఆరుకు లేస్తావు. అంటే వారానికి రెండుసార్లు సముద్రం దాటి వచ్చినట్టు. డ్యూటీ మార్చుకోమని నేను చెప్పలేను, నీ ఇంటి కంతు నేను కట్టను గదా. ఇంతమాత్రం చెయ్యి: సెలవురోజు కూడా రెండు మూడు లోపల పడుకోవద్దు, పదిలోపల లేవద్దు. వారంలో ఏడురోజులూ కనీసం నాలుగైదు గంటలు ఒకే వేళ నిద్రలో పడాలి. కిటికీకి నల్లగుడ్డ కట్టు. మొత్తం ఏడుగంటలకు తగ్గకూడదు. ఈ పని పదిహేను రోజులు చేసేదాకా తిండివేళల జోలికి పోవద్దు.

ఆ తర్వాత పన్నెండు గంటల ఎడంతో మొదలుపెట్టు, పద్దెనిమిదితో కాదు. నువ్వు లేచేది పదకొండున్నరకు. పన్నెండు గంటల ఎడం అలవాటయ్యాక, పన్నెండున్నరకు కడుపునిండా తిను, రాత్రి ఎనిమిదిన్నరకు రెండోపూట తెచ్చుకున్న క్యారియర్ తిను. అక్కడితో వంటిల్లు మూసేయి. నడిరేయిలో ఆఫీసులో ఇచ్చే బిస్కెట్లు, నూడుల్స్, బజ్జీలు వద్దు. చూడు, అదే నీ పదహారు గంటలు, ఏ యాపు లేకుండా. తట్టుకోలేకపోతే మధ్యలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగు. అది తాగితే ఉపవాసం చెడుతుందా అని అడగొద్దు. లెక్క ప్రకారం చెడుతుంది, చెడితే చెడనీ.

కాఫీ మాత్రం రాత్రి తొమ్మిదిన్నర దాటితే ముట్టొద్దు. కెఫీను సగం కరగడానికే అయిదుగంటలు పడుతుంది. ఒంటిగంటకు తాగిన కాఫీ ఆరుకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది, ఇంక నిద్ర ఎట్లా పడుతుంది?

ఉపవాసం విడిచేటప్పుడు ఏం తింటావనేది కూడా చూసుకో. ఆకలి మీద ఉగ్గాని, నాలుగు బజ్జీలు స్వర్గమే, నేను కాదనను. కానీ రెండు గుడ్లు, ముద్దపప్పు, ఆకుకూర, పెరుగు పడితే సాయంత్రం దాకా గొడవ చెయ్యదు. రాగులు మంచివే గానీ వాటిలో ప్రోటీను 100 గ్రాములకు 7 గ్రాములే, ఒక్క సంగటినే నమ్ముకోవద్దు.

ఇంకొకటి, మీ నాయనకు కూడా చదివి వినిపించు. వాడికి చక్కెర ఉంది, నిన్ను చూసి తనూ మొదలుపెడతానంటున్నాడంట. నాకు చక్కెర బయటపడిన సంవత్సరం ఏకాదశి రోజు పొద్దున మాత్ర వేసుకొని, తినకుండా తోటకు పోయా. పదకొండుకు స్టార్టరు డబ్బా దగ్గర చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది. ఎండదెబ్బ అనుకున్నా. మా తోటలో పనిచేసే ఆమె నా మొహం చూసి, నేల రాలిన చీనీకాయ ఒకటి పళ్లతో చీల్చి, నా నోట్లో పిండింది. రెండో కాయకు కళ్లు నిలబడ్డాయి. ఇంటికొచ్చి మీటరులో చూస్తే అప్పటికి కూడా 62. డెబ్బైకి తగ్గితే ప్రమాదమే. తర్వాత డాక్టరు చెప్పాడు, నేను వేసుకునే గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్ కోసం క్లోమాన్ని పిండుతూనే ఉంటుంది. ఈ సంగతి మా బడిలో ఉర్దూ మాస్టారుకు నాకంటే బాగా తెలుసు. రంజాన్‌కు నెలముందే డాక్టరు దగ్గరకు పోయి సహరీకి ఏ మాత్ర, ఇఫ్తార్‌కు ఏ మాత్ర అని రాయించుకొచ్చేవాడు. మీ నాయన కూడా ముందు డాక్టరును అడగాల, జేబులో చక్కెర పొట్లం పెట్టుకోవాల. చెమట, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాల.

నీకు మాత్రలు లేవు గాబట్టి ఇంత భయం లేదు. అయినా తల తిరిగితే తిను, గంటలు లెక్కపెట్టొద్దు.

చీనీకాయలు ఈసారి బాగానే పట్టాయి. కోతకు వస్తానన్నావు, రాత్రి బస్సు వద్దు, పగలు రా. ఫోన్ కూడా మధ్యాహ్నం పన్నెండు తర్వాత చెయ్యి. రెండుంబావుకు చేస్తే ఎత్తను, సెల్లు వంటింట్లో పెట్టి పడుకుంటాండా.

మీ పెద్దనాయన