మొదటి పెళ్లి ఆర్డర్ వచ్చింది, అప్పు చేసి కెమెరా కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఫొటోలు బాగా తీస్తుంది. తన దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ ఉన్నాయి. తెలిసినవాళ్లు వచ్చే నెలలో తమ ఇంట్లో పెళ్లికి ఫొటోలు తియ్యమని అడిగారు. అందుకు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 24-70, 70-200 లెన్సులు ఉంటేనే కుదురుతుందని పట్టుబడుతోంది. అప్పు చేసైనా కొనిపెట్టాలా? అసలు దీన్ని కెరీర్‌గా నమ్ముకోవచ్చా? – ఒక తండ్రి

జవాబు: అప్పు మాత్రం ఇప్పుడే చెయ్యకండి. మీ అమ్మాయి చెప్పిన లిస్టులో తప్పేమీ లేదు. (లెన్స్ మీది ఎంఎం అంకె చిన్నదైతే ఎక్కువ చోటు ఫొటోలో పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది.) అనుభవం ఉన్న పెళ్లి ఫొటోగ్రాఫర్లు చాలామంది బ్యాగులో దాదాపు అవే ఉంటాయి. కాకపోతే వాళ్లు ఒక్కో వస్తువూ దేనికి కావాలో పని చేస్తూ తెలుసుకుని కొన్నారు. మొదటి పెళ్లికి ముందే మొత్తం కొనేస్తే, అందులో తనకు నిజంగా అవసరమైనవి ఏవో తెలిసే అవకాశమే ఉండదు.

ముందు ఆ పెళ్లివారిని ఒక మాట అడగమనండి: ఆ రోజు తను ఒక్కతే ఫొటోగ్రాఫరా, లేక వేరే ప్రొఫెషనల్ కూడా ఉంటారా? వేరేవాళ్లు ఉంటే టెన్షన్ లేదు, ఉన్న కెమెరాకు ఒక చిన్న లెన్స్ జోడించుకుని వెళ్తే చాలు. ఒక్కతే అయితే లెక్క మారుతుంది. అప్పుడు అడగాల్సింది ‘ఏ కెమెరాతో ఫొటో బాగా వస్తుంది’ అని కాదు, ‘పెళ్లి మధ్యలో కెమెరా ఆగిపోతే ఏం చేస్తాను’ అని. మొదటిసారి వెళ్లేవాళ్లకు సామాను విషయంలో నేను చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

కాబట్టి ఒక గొప్ప కెమెరా కంటే రెండు మామూలు కెమెరాలు మేలు. రెండోది కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. తన దగ్గరున్న కంపెనీదే తీసుకోమనండి. కంపెనీ ఒకటైతే సరిపోదు, లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) కూడా అదే అయి ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ బాడీ (లెన్స్ లేని కెమెరా) అద్దెకు తెస్తే ఇంకో చిక్కు ఉంది. క్రాప్ సెన్సర్ కోసం చేసిన 18-55 దానికి కొన్నిటిలో అసలు బిగదు. బిగినా 24 మెగాపిక్సెళ్లలో సుమారు 10 మాత్రమే పనికొస్తాయి.

అద్దెకు తెచ్చే బాడీకి రెండు కార్డ్ స్లాట్లు ఉంటే చాలా ధైర్యం. మెనూలో అలా పెట్టుకుంటే ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది, ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. ఈ విషయంలో కొత్త మోడల్ అయితేనే మంచిదనుకోకండి. 2014లో వచ్చిన నికాన్ డి750కి రెండు స్లాట్లున్నాయి, 2018లో వచ్చిన నికాన్ జెడ్6కి, కెనాన్ ఈఓఎస్ ఆర్‌కి ఒక్కొక్కటే ఉంది. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీకి రెండున్నాయి.

ఇక ఫుల్ ఫ్రేమ్ సంగతి. మీ అమ్మాయి వాదన ఏమిటో ఊహించగలను: హాల్లో వెలుతురు తక్కువ, క్రాప్ కెమెరాలో నాయిస్ (ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించడం) వస్తుంది. నిజమే. కానీ లెక్క వేసి చూడమనండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం క్రాప్ కంటే సుమారు రెండుంబావు రెట్లు. అంటే వెలుతురు విషయంలో లాభం ఒక స్టాప్‌కి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం) కాస్త ఎక్కువ. అదే లెన్స్ దగ్గరకు రండి. 18-55ని 55 దగ్గరకు జూమ్ చేస్తే అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత పెద్దది) ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది, అంటే మూడు స్టాపుల పైమాటే. ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే సెట్టింగ్, పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) 6400 పెట్టాల్సిన చోట 640తో సరిపెట్టుకోవచ్చు. ఈ 1.8 లెన్స్ దాదాపు ప్రతి కంపెనీలోనూ చవకైన లెన్సుల్లో ఒకటి. బాడీ మీద పెట్టే డబ్బు ఇచ్చే లాభం కంటే ఇది ఇచ్చేది ఎక్కువ. కొనడానికి మీరు డబ్బివ్వాల్సింది దీనికే.

50 కొనాలా, 35 కొనాలా అన్నది హాలును బట్టి. క్రాప్ కెమెరా మీద 50 ఎంఎం పెడితే 75 లేదా 80 ఎంఎం లెన్స్‌లా చూస్తుంది. ముఖాలకు బాగుంటుంది కానీ ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి చోటు చాలదు. 35 పెడితే 50కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కటే కొనగలిగితే నా ఓటు 35కే. మరీ దగ్గరగా కావాలంటే నాలుగడుగులు ముందుకు వెయ్యొచ్చు, గోడను మాత్రం వెనక్కి నెట్టలేం కదా. ఇంకో జాగ్రత్త: ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ చాలా పలచగా ఉంటుంది. వధువు కళ్లు స్పష్టంగా వచ్చి, అర అడుగు వెనకున్న వరుడి ముఖం మసకబారిపోవచ్చు. గ్రూప్ ఫొటోలకు ఎఫ్ 5.6 దగ్గరకు వెళ్లాల్సిందే, అక్కడ పాత 18-55 చక్కగా పనికొస్తుంది. దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లనివ్వకండి.

70-200 ఎఫ్ 2.8 కావాలంటే ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోమనండి. కిలో నుంచి కిలోన్నర బరువుంటుంది. రోజంతా మోశాక అది కొనాలో వద్దో ఆ చేతులే చెబుతాయి.

కొత్తవాళ్ల లిస్టులో తరచూ కనిపించనిది ఫ్లాష్. బహుశా రివ్యూ వీడియోల్లో దాని గురించి మాట్లాడటం తక్కువ కాబట్టేమో. తల తిరిగే ఫ్లాష్ ఒకటి తీసుకుని, తెల్లటి సీలింగ్ మీదకు వెలుగు కొట్టి అది కిందకు పడేలా తీస్తే ముఖాల మీద కాంతి మెత్తగా ఉంటుంది. సీలింగ్ మరీ ఎత్తుగా ఉంటే ఆ వెలుగు తిరిగి కిందకు చాలదు. రంగు వేసి ఉంటే ఆ రంగే ముఖాల మీదకు దిగుతుంది. అందుకే పెళ్లికి ముందే, వీలైతే లైట్లు వెలిగించి ఉన్న సమయంలో, హాలు చూసి రావాలి. అక్కడ ఎల్ఈడీ లైట్లుంటే సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) వాడి ఒక ఫొటో తీసి చూడమనండి. అడ్డంగా చారలు వస్తే మామూలు షట్టర్‌కి మార్చాలి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్‌ను సెకనులో 100వ వంతు దగ్గర పెడితే చాలావరకు తగ్గుతాయి. ఫ్లాష్‌కి రీచార్జబుల్ బ్యాటరీలు రెండు సెట్లు, కెమెరాకి అదనపు బ్యాటరీ ఉండాలి. రెండు కెమెరాల్లో గడియారం ఒకే టైముకు పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత ఫొటోలు వరుసలో పెట్టడానికి నానా తంటాలు పడాలి.

రా ఫైళ్లు (తర్వాత ఎడిట్ చేసుకోవడానికి పూర్తి వివరాలతో కెమెరా దాచే ఫైళ్లు) 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో కంప్రెషన్‌ను బట్టి ఒక్కోటి 25 నుంచి 50 ఎంబీ ఉంటాయి. రెండు వేల ఫొటోలంటే 50 నుంచి 100 జీబీ. కార్డులు అందుకు తగ్గట్టు ఉండాలి. ఇంటికొచ్చాక రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసేదాకా ఒక్క కార్డు కూడా ఫార్మాట్ చెయ్యకూడదు.

అద్దె సామాను పెళ్లి రోజు పొద్దున తెచ్చుకుంటే కుదరదు. రెండు మూడు రోజుల ముందే తెచ్చుకుని, రాత్రిపూట ఇంట్లోవాళ్లను అటూ ఇటూ నడిపిస్తూ తీసి చూడాలి. మెనూ వెతుక్కునే పని పెళ్లిలో ఉండకూడదు.

కెరీర్ గురించి అడిగారు. నమ్ముకోవచ్చు, కాకపోతే ఈ పనిలో ఫొటో తియ్యడం ఒక భాగమే. ఎడిటింగ్‌కు కూర్చునే గంటలు, చెప్పిన తేదీకి ఫొటోలివ్వడం, డబ్బు సంగతి మొహమాటపడకుండా ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టడం, పెళ్లిళ్లు లేని నెలల్లో ఇంకేదైనా పని వెతుక్కోవడం, ఇవన్నీ ఉంటాయి. డిగ్రీ పూర్తి చెయ్యనివ్వండి. ఈలోగా అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్ దగ్గర సెకండ్ షూటర్‌గా (ఆయనతో పాటు ఫొటోలు తీసే రెండో మనిషిగా) కొన్ని పెళ్లిళ్లకు వెళ్తే పనీ తెలుస్తుంది, ఖరీదైన సామాను చేత్తో పట్టుకునే అవకాశమూ దొరుకుతుంది. ఈ పెళ్లిని ఒక్కతే ఒప్పుకున్నట్లయితే, ఇది తన మొదటి పెళ్లి అని వాళ్లకు ముందే చెప్పడం మంచిది.

24-70 కొనాలా వద్దా అన్నది ఆ పెళ్లయ్యాక తేల్చుకోండి. లైట్‌రూమ్ క్లాసిక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలను ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంఎం అంకె) వారీగా, ఐఎస్ఓ వారీగా విడదీసి చూడొచ్చు. పెళ్లివారికి ఇచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం ఏ లెన్స్‌తో తీసినవి, పక్కన పడేసినవి వెలుతురు చాలక పోయాయా, దూరం చాలక పోయాయా, ఫోకస్ తప్పి పోయాయా అని మీ అమ్మాయిని ఒక కాగితం మీద రాసి చూపించమనండి. వెలుతురు చాలక పోయినవే ఎక్కువైతే అప్పుడు ఫుల్ ఫ్రేమ్ గురించి మాట్లాడుకోవచ్చు. ఫోకస్ తప్పినవే ఎక్కువైతే ఏమీ కొనకండి, ఇంకో నాలుగు పెళ్లిళ్లకు ఇదే సామానుతో పంపండి.